మేనర్ లార్డ్స్‌లో వేట: అసలు ముట్టకుండా వడ్డీ తినాలి

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, మేనర్ లార్డ్స్ అనే కంప్యూటర్ ఆట మధ్యలోంచి. "అక్కా, మాంసం రావట్లేదు, వేటగాళ్లు ఊరికే నిలబడ్డారు, రెండో చలికాలం వచ్చేసింది, ఏం చెయ్యాలి?" అన్నాడు. వాడి గొంతులో నిజంగానే టెన్షన్ ఉంది. "మంద ఎంతుందిరా?" అని అడిగాను. "మందేంటి?" అన్నాడు. అడవిలో జింక గుర్తు ఉంటుంది, దాని మీద మౌస్ పెట్టి అంకె చదవమన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత చిన్నగా "ఒకటి" అన్నాడు.

ఒకటి అంటే అయిపోయినట్టే. జత ఉంటేనే కదా పిల్లలు పుట్టేది. వేట ఎంతవరకు ఆగాలో చెప్పే లిమిట్ ఒకటి ఉంటుంది, దాన్ని వాడే చేత్తో సున్నాకి దించేశాడు, మాంసం ఎక్కువ వస్తుందని. మొదటి ఏడాది బాగానే వచ్చింది కూడా. రైతు ఇంట్లో విత్తనాలకని దాచిన వడ్లు వండుకు తింటే ఆ పూట కడుపు నిండుతుంది, వచ్చే కారుకి చల్లడానికి చేతిలో ఏమీ ఉండదు. వాడి ఊరికి జరిగింది అచ్చం అదే.

ఈ ఆట గురించి రాయాలనిపించింది ఆ ఫోన్ వల్లే. యుద్ధాలు, కోటలు, గ్రాఫిక్స్ గురించి చాలామంది చెప్పారు, నేను వాటి జోలికి పోను. నూట ఇరవై గంటలకు పైగా ఆడాను, ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వేట, అన్నిటికన్నా అసంతృప్తి మిగిల్చిందీ వేటే, కాబట్టి ఈ రివ్యూ మొత్తం దాని గురించే.

తెలియనివాళ్ల కోసం కాస్త ముందుమాట. మేనర్ లార్డ్స్ 2024 ఏప్రిల్ 26న ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఇంకా పూర్తికాకముందే ఆడటానికి అమ్మే పద్ధతిలో వచ్చింది. పోలండ్‌కి చెందిన గ్రెగోర్జ్ స్టైచెన్ అనే ఆయన ఏళ్ల తరబడి దాదాపు ఒంటి చేత్తో కట్టుకొచ్చిన ఆట ఇది, ఆయన స్టూడియో పేరు స్లావిక్ మ్యాజిక్, పబ్లిషర్ హుడెడ్ హార్స్. కథా స్థలం పద్నాలుగో శతాబ్దం చివర్లో జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతం. మీరు ఆ నేలకు దొర. ఐదు కుటుంబాలు, ఒక ఎద్దు, కొంచెం తిండి, కొన్ని సామాన్లు, చుట్టూ అడవి, ఇంతే మీకిచ్చేది. ఇక్కడినుంచి ఇళ్లు, సంత, చర్చి, పొలాలు ఒక్కొక్కటే కట్టుకుంటూ పోవాలి. పని మనుషుల్ని ఒక్కొక్కరిగా కాకుండా కుటుంబాల లెక్కన పెడతాం, ఒక కుటుంబాన్ని వేటకి పంపితే ఆ ఇంటిల్లిపాదీ వేట పనిలోనే ఉంటారు.

మొదటి ఏడాది తిండికి దారులు చాలా తక్కువ. గోధుమ వేయాలంటే పొలం దున్నాలి, విత్తాలి, కోయాలి, నూర్చాలి, పిండి మరకి పంపాలి, ఆ పైన రొట్టె కాల్చాలి, ఇదంతా అయ్యేసరికి చాలా కాలం పడుతుంది. అడవి బెర్రీలు వెంటనే దొరుకుతాయి కానీ చలికాలంలో ఉండవు. పెరట్లో కూరగాయలు, కోడిగుడ్లు మొదలవ్వాలంటే ముందు ఇళ్లు లేవాలి, వాటికి డబ్బు కావాలి. ఏడాది పొడవునా, మంచు కురుస్తున్నా, తిండి తెచ్చిపెట్టేది వేట. అందుకే దాదాపు అందరూ మొదటి నెలల్లోనే వేట శిబిరం కట్టేస్తారు. కట్టడం తేలికే, నాలుగు దుంగలు కూడా అక్కర్లేదు. దాన్ని సంవత్సరాల పాటు నడపడం దగ్గరే చిక్కంతా.

మ్యాప్ ప్రాంతాలుగా విడిపోయి ఉంటుంది, ఒక్కో ప్రాంతంలో బెర్రీలు, జింకలు, ఇనుము, బంకమట్టి, రాయి లాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులుంటాయి. కొన్ని మామూలువి, కొన్ని రిచ్ అన్న పేరుతో పెద్దవి. జింకల గుర్తు మీద ఇప్పుడు మంద ఎంతుంది, ఎంతవరకు పెరగగలదు అని రెండు అంకెలు కనిపిస్తాయి. వేటగాళ్లు చంపినకొద్దీ మొదటి అంకె తగ్గుతుంది, వదిలేస్తే మళ్లీ నెమ్మదిగా ఎక్కుతుంది. శిబిరం మీద నొక్కితే వచ్చే ప్యానెల్లో ఆ లిమిట్ ఉంటుంది, మంద ఆ అంకెకి దిగగానే వేటగాళ్లు విల్లు పక్కన పెట్టేస్తారు.

పైకి చూస్తే చాలా చిన్న సంగతి. నాకు మాత్రం ఆట మొత్తంలో దీనికన్నా తెలివైన ఏర్పాటు కనపడలేదు. ఎందుకంటే మిగతా వాటిలో ఎక్కువ మందిని పెడితే ఎక్కువ వస్తుంది, ఆ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది. వేట దగ్గర ఆ లెక్క పనిచేయదు. మంద పెరిగే వేగమెంతో ఏడాదికి మీకు వచ్చే మాంసం కూడా అంతే, మీరు ఇద్దర్ని పెట్టినా నలుగుర్ని పెట్టినా. ఎక్కువమందిని పెడితే మీ వాటా తొందరగా చేతికొస్తుంది, తర్వాత మిగతా నెలలు వాళ్లు ఊరికే కూర్చుంటారు. అసలు బ్యాంకులో పడుంది, మీరు తినేది వడ్డీ. వడ్డీని జనవరిలో తీసుకుంటారా, నెలనెలా తీసుకుంటారా అన్నది మీ ఇష్టం, అసలులోంచి తీశారంటే మాత్రం వచ్చే ఏడు వడ్డీ తగ్గుతుంది.

ఇది నాకు మొదటి ఊర్లో తెలీదు. ఆ ఊరు నాకింకా గుర్తుంది, నది పక్కన, కాస్త ఎత్తు మీద చర్చి, కింద రెండు వీధులు. రెండు వేట శిబిరాలు కట్టాను, రెండూ ఒకే మంద మీద. ఒక కుటుంబానికి ఒక శిబిరం అయితే రెండో కుటుంబానికి ఇంకొకటి, అప్పుడు రెట్టింపు మాంసం అనుకున్నాను. మొదటి చలికాలం గాదె నిండుగా ఉంది, జనం సంతోషంగా ఉన్నారు, కొత్త కుటుంబాలు వస్తున్నాయి. ఆటలో జనం ఆమోదం యాభై శాతం దాటితేనే కొత్తవాళ్లు వచ్చి చేరతారు, నాది దాన్ని ఎప్పుడో దాటింది. ఆ ఊపులో ఇంకో పది ఇళ్లు లేపాను. రెండో ఏడాది వేసవికల్లా మంద లిమిట్‌కి దిగిపోయింది, వేటగాళ్లు ఆగిపోయారు, తినే నోళ్లు మాత్రం రెట్టింపయ్యాయి. అప్పుడు లిమిట్ ఇంకాస్త దించాలనే బుద్ధి పుడుతుంది చూడండి, అక్కడ చెయ్యి ఆపుకోవడమే కష్టం. మౌస్ ఆ అంకె మీదే పెట్టి చాలాసేపు కూర్చున్నాను. దించలేదు. బదులుగా పెరడున్న ఇళ్లన్నిటికీ కూరగాయల మడులు వేయించి, ఒక వేట కుటుంబాన్ని తీసి కట్టెలు కొట్టే పనిలో పెట్టాను. ఆ చలికాలం గట్టెక్కడానికి సరిపోయింది, అంతకన్నా ఎక్కువేం కాదు.

నేను ఇప్పుడు పాటించే లెక్క చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మంద ఎంతవరకు పెరగగలదో అందులో సగం దగ్గర లిమిట్ పెడతాను, మొదటి రెండేళ్లు దాన్ని ముట్టుకోను. మామూలు మంద అయితే ఒకే శిబిరం, ఒకే కుటుంబం. మంద పూర్తిగా నిండి ఉండి, అంకె నెలల తరబడి కదలకపోతే, అంటే పుట్టాల్సినవి పుట్టడానికి చోటు లేక ఆగిపోతే, అప్పుడు ఇంకో కుటుంబాన్ని కొన్నాళ్లు పంపుతాను. నిండిపోయిన మందను అలా వదిలేయడం కూడా నష్టమే, వడ్డీ రాని చోట డబ్బు పడి ఉన్నట్టు. లిమిట్‌కి తగిలాక వేటగాళ్లను తీసేసి ఇంకో పనిలో పెట్టడం మర్చిపోవద్దు, ఆట దాని గురించి గట్టిగా హెచ్చరించదు, కుటుంబం కుటుంబమే ఖాళీగా ఉండిపోతుంది. చిన్న ఊర్లో ఒక్క కుటుంబం ఖాళీగా ఉన్నా తేడా తెలుస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఇళ్లు కట్టే చోటు. జింకలు తిరిగే చోటికి ఆనుకుని కట్టడం మొదలుపెడితే అవి అక్కడినుంచి వేరే చోటికి తరలిపోతాయి. నాకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే ఊరు పెంచడానికి, అడవి నిలుపుకోవడానికి మధ్య రోజూ ఒక బేరం నడుస్తూ ఉంటుంది. ఒకసారి నా సంతకి దగ్గరలో, చక్కటి చదును నేల మీద జింకలు ఉన్నాయి. అక్కడ పొలం వేస్తే ఎద్దుకి నడక తక్కువ, గాదె దగ్గర. మంద పక్కకి జరిగితే వేటగాళ్లకి నడక ఎక్కువ. ఆ రోజంతా ఆలోచించి ఊరిని ఇంకో వైపుకి వంచాను. ఆ వీధి ఇప్పటికీ వంకరగానే ఉంటుంది, పాత ఊళ్లలో వీధులు చెరువునో, చెట్టునో తప్పించుకుని వంకర తిరిగినట్టే. శిబిరాన్ని నేను మందకీ ఊరికీ మధ్యలో కడతాను. వేటగాడి ఇల్లు ఎక్కడుంది, శిబిరం ఎక్కడుంది, జింక ఎక్కడుంది, ఈ మూడింటి మధ్య నడకే వాడి రోజంతా తినేస్తుంది కాబట్టి.

ఇక తోళ్లు. వేటని మాంసం కోసమే చేస్తున్నామనుకునేవాళ్లు సగం లాభం వదులుకుంటున్నారు. ప్రతి జింకకీ తోలు వస్తుంది, టానరీ కడితే ఆ పచ్చి తోలు పదును చేసిన తోలుగా మారుతుంది, అది సంతలో బట్టల అంగడికి వెళ్తుంది. ఇళ్లు రెండో స్థాయికి ఎదగాలంటే సంతలో బట్టల సరుకు ఉండి తీరాలి. నారబట్ట కావాలంటే అవిసె పొలం వేసి పంట కోసి నేయించాలి, ఉన్ని కావాలంటే గొర్రెలు కొనాలి, రెండూ ఆలస్యం. తోలు ఒక్కటే వేట వెనకాల ఉచితంగా వచ్చేది. ఇళ్లు రెండో స్థాయికి వస్తే ఊరి సంపద నెలనెలా పెరుగుతుంది, వాటి పెరళ్లలో చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు స్థిరపడొచ్చు. అంటే ఆ అడవిలో పడ్డ ఒక్కో జింక మీ ఊరి ఎదుగుదలకి దారి తెరుస్తోంది. మిగిలిన తోళ్లను వ్యాపార కేంద్రం నుంచి అమ్ముకోవచ్చు కూడా, కాకపోతే పచ్చివి అమ్మేకన్నా పదును చేసి అమ్మితేనే గిట్టుబాటు.

పెరట్లో మేకల్ని పెట్టినా తోళ్లు వస్తాయి. అందువల్ల ఊరు పెరిగాక తోళ్ల భారం మేకలకి అప్పజెప్పి, జింకల్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వొచ్చు. నేను మూడో ఏడాది నుంచి అదే చేస్తాను.

అభివృద్ధి పాయింట్లని కొన్ని వస్తాయి ఊరు పెరిగినకొద్దీ, ఒక్కో పాయింట్‌తో ఊరికి ఒక్కో నేర్పు వస్తుంది. వేటవైపు ఉచ్చులు పన్నడం ఒకటి, దానితో చిన్న జంతువుల మాంసం మందతో సంబంధం లేకుండా కొంచెం కొంచెంగా వస్తుంది. తోలు ఎక్కువ రాబట్టే నేర్పు ఇంకొకటి, రిచ్ మంద ఉన్నచోటే దానికి అర్థం. పాయింట్లు చాలా తక్కువ వస్తాయి, ఒకసారి ఇచ్చేస్తే వెనక్కి తీసుకోలేం, కాబట్టి మీ ప్రాంతంలో జింకలే ప్రధాన ఆస్తి అయితేనే వీటికి ఖర్చు పెట్టండి. సారవంతమైన నేల ఉన్నచోట వేటకి పాయింట్లు పెట్టడం నాకు దండగ అనిపించింది. ఎర్లీ యాక్సెస్ కాబట్టి అప్‌డేట్లతో ఈ నేర్పులూ అంకెలూ మారుతూ ఉంటాయి, మీరు ఆడే నాటికి ఏది ఎంత ఇస్తుందో తెర మీద చదువుకుని నిర్ణయించుకోండి.

ఇంతకీ నేను వేటని ఇంత ఇష్టపడటానికి లెక్కలొక్కటే కారణం కాదు. ఈ ఆటలో దొర రూపంలో కిందకి దిగి ఊళ్లో నడవొచ్చు. ఒకసారి పొద్దు గుంకుతుండగా అలా దిగి, వేటగాడి వెనకే అడవిలోకి వెళ్లాను. ఊరి చివర కట్టెలు కొట్టే చప్పుడు వెనకపడిపోయింది. చెట్ల మధ్య వెలుతురు పలచగా పడుతోంది, వాడు ముందు నడుస్తున్నాడు, నేను నాలుగడుగులు వెనక. ఎదురుగా జింకలు మేస్తున్నాయి. ఒకటి తల ఎత్తింది. స్క్రీన్ ముందు కూర్చున్న నేను ఊపిరి బిగబట్టాను. పైనుంచి చూస్తే అది ఒక అంకె తగ్గడం, అంతే. కింద నిలబడి చూశాక ఆ అంకెని నేను మళ్లీ అంత తేలిగ్గా తీసుకోలేకపోయాను. కొత్తగా ఆడేవాళ్లందరికీ నేను చెప్పేది, మొదటి గంటలోనే ఒకసారి కిందికి దిగి మీ వేటగాడితో నడిచి చూడండి.

పాత ఆటలతో పోల్చకుండా ఉండలేను. 2014 ఫిబ్రవరిలో వచ్చిన బానిష్డ్ నాకు ప్రాణం, అది కూడా ల్యూక్ హొడోరోవిచ్ అనే ఒక్కడే చేసిన ఆట. దాంట్లోనూ వేట ఇల్లు ఉంది, ముగ్గురు వేటగాళ్ల దాకా పెట్టొచ్చు, జింక మాంసం, తోలు రెండూ వస్తాయి, తోలుతో దర్జీ చలికోట్లు కుడతాడు. అడవిలో వేట ఇల్లు, ఆకులు దుంపలు ఏరుకొచ్చేవాళ్ల గుడిసె, అడవి పెంచేవాడి ఇల్లు, మూలికల గుడిసె, ఈ నాలుగూ ఒకేచోట పెట్టుకుంటే చాలు, అది తరాల తరబడి ఊరిని మోసేది. అయితే అక్కడ మంద ఎంతుందో కనపడదు, ఇంతకన్నా చంపొద్దు అని మందకి గీత గీసే వీలు లేదు. ఊరు పెరిగి అడవిలోకి పాకితే మాంసం తగ్గేది, ఎందుకు తగ్గిందో కళ్లతో చూసి ఊహించుకోవాలి. మేనర్ లార్డ్స్ ఆ గీతని మన చేతికిచ్చింది, నాకు దాని విలువ బానిష్డ్ ఆడినందువల్లే తెలిసింది. ఫార్తెస్ట్ ఫ్రాంటియర్ కూడా కొన్నాళ్లు ఆడాను, దాంట్లో తోడేళ్లు, ఎలుగుబంట్లు మీద పడతాయి, తెచ్చిన మాంసం పాడవకుండా పొగబెట్టుకోవాలి, అడవి అంటే భయం ఉంటుంది. మేనర్ లార్డ్స్ అడవిలో ఆ భయం లేదు. అక్కడినుంచే నా అసంతృప్తి మొదలవుతుంది.

నేను ఆడినంతలో ఈ అడవిలో వేటాడేది జింకల్నే. అడవిపంది లేదు, తోడేలు లేదు. ఫ్రాంకోనియా అడవి అంటూ ఇంత అందంగా చెట్టు చెట్టూ గీసి, దాంట్లో ఎదురు తిరిగే జంతువు ఒక్కటీ పెట్టకపోతే వేట అంటే కోళ్లగూట్లో గుడ్లు ఏరినంత పనైపోతుంది. వేటగాడికి దెబ్బ తగలదు, దారి తప్పడు, ఉత్త చేతులతో తిరిగి రాడు.

అంతకన్నా పెద్ద వెలితి ఇంకోటుంది. ఈ ఆట కాలం, స్థలం ఎంచుకున్న తీరు చూస్తే నాకు ఆశ ఎక్కువైంది, ఎందుకంటే ఆ రోజుల్లో ఆ నేల మీద జింక ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. వేట హక్కు రాజుది, దొరలది, వూర్జ్‌బుర్గ్, బాంబెర్గ్ బిషప్పులది. పొలంలో పడి పైరు మేసే జింకని కూడా రైతు ముట్టుకోవడానికి లేని చోట్లు ఉండేవి. ఇంగ్లండ్‌లో 1217 నాటి అడవి శాసనం జింకని చంపినందుకు ఇకమీదట ఎవరి ప్రాణమూ, అవయవమూ తీయకూడదని రాసుకోవాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో అర్థం చేసుకోవచ్చు. జర్మనీలో ఈ కోపం 1525 రైతుల తిరుగుబాటు దాకా వచ్చింది. ఆ ఏడాది మెమ్మింగెన్‌లో రైతులు రాసుకున్న పన్నెండు డిమాండ్లలో నాలుగోది వేట, చేపల మీద హక్కు, ఐదోది అడవిలో కట్టెల మీద హక్కు. ఆ తిరుగుబాటు ఫ్రాంకోనియాని కూడా కుదిపేసింది. ఆట జరిగే కాలానికి నూటపాతికేళ్లో, నూటయాభై ఏళ్లో తర్వాత, అదే నేల మీద. అడవి మీద హక్కు కోసం జనం తిరగబడటమంటే మన్యంలో, ఆదిలాబాద్ అడవుల్లో జరిగింది ఎరిగిన మనకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆటలో మనం దొరే కాబట్టి వేటగాళ్లు మన మనుషులని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ లిమిట్ పక్కనే ఇంకో ప్రశ్న ఉండి ఉంటే ఎంత బాగుండేది. జనం ఆకలితో ఉన్నప్పుడు దొర అడవి మూసేస్తే ఏమవుతుంది? రాత్రిపూట దొంగవేటకి ఎవరో ఒకరు వెళ్లరా? పట్టుబడితే శిక్షిస్తామా, చూసీచూడనట్టు వదిలేస్తామా? ఆమోదం అన్న అంకె ఇప్పటికే ఆటలో ఉంది, మంద అంకె ఉంది, లిమిట్ ఉంది. ఈ మూడింటినీ కలిపే దారం ఒక్కటే లేదు. నా రెండో చలికాలంలో నేను లిమిట్ దించకుండా కూర్చున్నానని చెప్పాను కదా, అప్పుడు నా జనం తక్కువ తిన్నారు గానీ అడవివైపు కన్నెత్తి చూడలేదు. నిజంగా అలా ఉంటారా ఎవరైనా, పిల్లలు ఆకలితో ఉంటే?

చరిత్ర నుంచి తీసుకోదగ్గవి ఇంకా ఉన్నాయి. న్యూరెంబర్గ్ పక్కనున్న రాజుగారి అడవిలో తేనెపట్లు చూసుకునేవాళ్లకి 1350లో, తర్వాత చక్రవర్తి అయిన నాలుగో చార్లెస్ రాజు ప్రత్యేక హక్కులు రాసిచ్చాడు. అదే అడవి నరికి నరికి బోడిగా అయిపోతుంటే 1368లో పీటర్ స్ట్రోమర్ అనే న్యూరెంబర్గ్ వర్తకుడు సూదాకు చెట్ల విత్తనాలు చల్లించి మళ్లీ అడవి పెంచాడు, అలా విత్తి అడవి పెంచిన వాటిలో రాతపూర్వకంగా తెలిసిన తొలి ఉదాహరణల్లో అదొకటి. ఆటలో తేనెటీగల పెంపకం ఉంది, చెట్లు నాటే ఫారెస్టర్ గుడిసె ఉంది, రెండూ ఆ కాలానికి, ఆ నేలకి సరిగ్గా సరిపోయాయి. తేనెకి, చెట్టుకి ఇంత శ్రద్ధ పెట్టిన మనిషి వేట చుట్టూ ఉన్న హక్కుల గొడవని కూడా ఒకరోజు తెస్తాడనే నా నమ్మకం. తర్వాత వచ్చిన అప్‌డేట్లలో చేపల చెరువులు తెచ్చాడు, అవి కూడా జింకల మందలాగే చూసి చూసి తినాల్సినవే, అది చూశాక ఆ నమ్మకం పెరిగింది.

ఇంకో ఫిర్యాదు చిన్నదే, రోజూ అడ్డం పడేది మాత్రం అదే. మంద ఏడాదికి ఎంత పెరుగుతుందో ఆట ఎక్కడా సూటిగా చెప్పదు. ఇప్పుడు ఎంతుందో చెప్తుంది, పోయిన ఏడాది ఇదే నెలలో ఎంతుందో చెప్పదు. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి మార్చికి, ప్రతి సెప్టెంబరుకి మంద ఎంతుందో రాసుకుంటాను. ఊరి పేరు, సంవత్సరం, మంద, లిమిట్, వేట కుటుంబాలు, ఐదు గడులు. మూడు పేజీలు నిండాయి. ఆ పట్టిక చూసుకుంటేనే ఏ ఏడాది ఎక్కువ చంపానో తెలుస్తుంది. రాసుకోవడం నాకు ఇష్టమే, అయినా దొర దగ్గర లెక్కలు రాసే గుమాస్తా ఒకడుంటాడు కదా, ఆ పుస్తకం ఆటలోనే ఉండాలి.

ఎవరికి నచ్చుతుంది అంటే, తొందర లేనివాళ్లకి. గంటలో ఊరు నగరం అయిపోవాలనుకుంటే ఇది మీ ఆట కాదు, ఒక దుంగని ఎద్దు లాక్కొచ్చేదాకా కూడా ఆగాల్సిందే ఇక్కడ. పాత ల్యాప్‌టాప్ అయితే చలికాలం మంచు కురిసేటప్పుడు, ఊరు బాగా పెరిగాక ఇబ్బంది పడుతుంది, కొనేముందు మీ మెషిన్ సంగతి చూసుకోండి. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో డిస్కౌంట్ వచ్చినప్పుడు తీసుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ చందా పథకం పీసీ గేమ్ పాస్ ఉన్నవాళ్లు మొదట అక్కడ ఆడి చూసుకోవచ్చు. యుద్ధం వద్దనుకునేవాళ్లకి, శత్రువులు లేకుండా ఊరిని పెంచుకునే పద్ధతి కూడా ఉంది, వేట బాగా అర్థం కావాలంటే మొదట దాంట్లోనే ఆడండి. అక్కడ మీ తప్పులకి మీ జింకలు తప్ప ఇంకెవరూ జవాబు చెప్పరు. వేట వరకు మార్కులేయమంటే పదికి ఏడు వేస్తాను, దొంగవేట, అడవిపంది వచ్చిన రోజున తొమ్మిది.

మా పిన్ని కొడుకు ఆ ఊరిని వదిలేసి కొత్తది మొదలుపెట్టాడు. నిన్న రాత్రి స్క్రీన్‌షాట్ పంపాడు. రెండో ఏడాది చలికాలం, కప్పుల మీద మంచు, ఒక్క శిబిరం, ఒక్కటే వేట కుటుంబం. మంద 14, లిమిట్ 10. కింద "అక్కా, ఇప్పుడు చర్చి కట్టనా, టానరీ కట్టనా?" అని అడిగాడు. కొట్టంలో తోళ్లు ఎన్నున్నాయిరా అని అడిగితే పదకొండు అన్నాడు. టానరీ ముందు కట్టమన్నాను, ఫారెస్టర్ గుడిసె మంద ఉన్నవైపే పెట్టమన్నాను. పొద్దున లేచేసరికి రెండూ కట్టేశానని మెసేజ్ ఉంది.